వైద్యరత్న దీవి గోపాలాచార్యులు: ఇంటి కషాయం నుండి ఆశ్రమౌషధం వరకు

ఆధునిక కాలంలో ఆయుర్వేదానికి సంస్థారూపం కల్పించిన ఆంధ్రులను లెక్కించేటప్పుడు మొదట స్మరింపదగిన పేరు పండిత దీవి గోపాలాచార్యులవారిది. 1872లో జన్మించి 1920లో కీర్తిశేషులైన ఈ పండితుడు జీవించినది ఐదు దశాబ్దాలకు లోపే. ఆ స్వల్పకాలంలోనే వైద్యుడుగా, అధ్యాపకుడుగా, ఔషధ నిర్మాతగా మూడు బాధ్యతలను నిర్వహించారు. ఆయనను గూర్చి వ్రాసేవారు సాధారణంగా బిరుదులను, పదవులను పేర్కొని విరమిస్తారు. ఈ వ్యాసంలో మరొక అంశాన్ని ముందుకు తెస్తున్నాను. రోగాన్ని తట్టుకొనే బలాన్ని ఇచ్చే కషాయాలు, పానకాలు, లేహ్యాలు తరతరాలుగా వంటింటిలోనో, వైద్యుని పంచలోనో తయారయ్యేవి. వాటిని పేరు, ప్రమాణం, మోతాదు వ్రాసిన సీసాలోకి చేర్చిన తరంలో గోపాలాచార్యులవారు ముందు వరుసలోనివారు. ఆ మార్పు వల్ల శాస్త్రానికి లభించినదేమిటి, చేజారినదేమిటి అన్నది ఆయన జీవితాన్ని పరిశీలించేవారికి తప్పక ఎదురయ్యే ప్రశ్న.

ఆచార్యులవారి జన్మస్థానం మచిలీపట్నం. 1864 నవంబరు ఒకటవ తేదీ నాటి పెనుతుఫానులో వేలాది ప్రాణాలను కోల్పోయిన ఆ రేవుపట్టణం మరల కుదుటపడుతున్న రోజులవి. వారిది వంశపారంపర్యంగా వైద్యవృత్తిలో ఉన్న కుటుంబం. అటువంటి ఇండ్లలో బాలునికి శ్లోకం నోటికి రాకమునుపే కల్వం చేతికి వస్తుంది. మూలికను ఎప్పుడు తీయవలెనో, చూర్ణాన్ని ఎన్ని మార్లు వస్త్రఘాళితం చేయవలెనో, లేహ్యం తీగపాకానికి వచ్చినదీ లేనిదీ గరిటె ఎత్తి ఎట్లా చూడవలెనో కంటితోనే నేర్చుకొంటాడు. తెలుగునాట వైద్యులకు ప్రామాణికమైన బసవరాజీయం సంస్కృత శ్లోకాలను, తెలుగు తాత్పర్యాన్ని కలిపి నడిపిన గ్రంథం. శాస్త్రం ఒక భాషలో, ప్రయోగం మరొక భాషలో సాగే ఈ ద్విభాషా సంప్రదాయమే ఆచార్యులవారి విద్యకు కూడ పునాది అని భావించవచ్చు.

ఇంటి విద్యతో తృప్తి చెందక ఆయన మైసూరు వెళ్లి అక్కడ ఆయుర్వేదాన్ని క్రమపద్ధతిలో అభ్యసించారు. సంస్కృత విద్యకు, సంగీతానికి వలెనే వైద్యశాస్త్రానికి కూడ మైసూరు ప్రభువుల పోషణ ఉండేది. తరువాత కొంతకాలం బెంగళూరులో వైద్యవృత్తి సాగించి మద్రాసు చేరుకొన్నారు. ఉత్తరోత్తరా ఆయన పేరు చెన్నపురి పేరుతోనే పెనవేసుకొన్నది. అయితే ఆయనకు తొలుత విశేషమైన పేరు తెచ్చినది పాండిత్యం కాదు, ప్లేగు.

1896లో బొంబాయిలో తలయెత్తిన ప్లేగు రెండేండ్లలో దక్షిణాదికి వ్యాపించింది. 1898లో బెంగళూరు దానివాత పడింది. 1897లో వచ్చిన అంటువ్యాధుల చట్టం ఇండ్లలోకి చొరబడి సోదా చేయడానికి, రోగులను వేరుచేయడానికి అధికారులకు విస్తృతాధికారాలనిచ్చింది. ఎలుకలు రాలితే ఇల్లు విడిచి పొలాలలో పాకలు వేసుకొనడం ప్రజలు నేర్చుకొన్న రక్షణోపాయం. 1911లో హైదరాబాదు నగరం కూడ ఈ ఉపద్రవాన్ని చవిచూసింది. 1897 జనవరిలో హాఫ్‌కిన్ అనే శాస్త్రజ్ఞుడు బొంబాయిలో తాను సిద్ధం చేసిన ప్లేగు టీకామందును ముందుగా తన శరీరంపైనే ప్రయోగించుకొన్నాడు. టీకాల వల్ల మరణాలు తగ్గినప్పటికీ, 1902లో పంజాబులోని ముల్కోవాల్ గ్రామంలో టీకా వేయించుకొన్న పందొమ్మిదిమంది ధనుర్వాతంతో మరణించడంతో జనంలో భయం పెరిగింది. ఇట్లా ఒకవైపు రోగభయం, మరొకవైపు చికిత్సాభయం ఉన్న కాలంలో దేశీయ వైద్యుని గడపకు జనం రావడంలో ఆశ్చర్యం లేదు.

ప్లేగును శాస్త్రంలో ఏ వ్యాధితో సమన్వయింపవలెనన్న విషయంలో నాటి పండితులలో ఏకాభిప్రాయం కుదరలేదు. చంకలలో గడ్డలు, తీవ్రజ్వరం, కొద్దిరోజులలో మరణం అన్న లక్షణాలను బట్టి క్షుద్రరోగాలలో చెప్పబడిన అగ్నిరోహిణియే ఇది అన్నవారున్నారు. గ్రంథిక సన్నిపాతమన్నవారూ ఉన్నారు. పేరు ఏదైనా రోగి ఎదుట కూర్చున్న వైద్యుడు ఏదో ఒకటి చేయవలె. గోపాలాచార్యులవారు ప్లేగుకు ప్రచారంలోకి తెచ్చిన ఔషధాలు రెండు: హైమాది పానకం, శతధౌత ఘృతం. ఒకటి లోపలికి, రెండవది పైపూతకు. ఆయన కీర్తికి మూలకారణాలు ఈ రెండే అనవచ్చు.

వీటిలో శతధౌత ఘృతం ప్రాచీనమైన కల్పన. తయారుచేయడానికి కావలసినవి ఆవునెయ్యి, చల్లని నీరు, రాగిపాత్ర, ఓపిక. నేతిలో నీరు పోసి అరచేతితో రుద్ది, ఆ నీటిని వంచి, మరల కొత్తనీరు పోసి ఇట్లా నూరుమార్లు కడిగితే నెయ్యి తన వాసనను, పసుపువన్నెను విడిచి వెన్నకంటె తెల్లగా, మృదువుగా మారుతుంది. నీరు, నెయ్యి విడదీయరానట్లు కలిసిపోయే ఈ స్థితిని నేటి రసాయన శాస్త్రం కూడ గుర్తించింది. దాహానికి, మంటకు, విసర్పానికి ఇది చల్లని పూత. రాగితో చిరకాలం రాపిడి పొందినది కనుక లోపలికి సేవింపదగినది కాదు. ఇంటిలో ఏ గృహిణియైనా చేయగల పని ఇది. నూరు కడుగులను లెక్కతప్పకుండా చేసే ఓర్పు ఉంటే చాలు! గడ్డలతో, మంటతో బాధపడే ప్లేగురోగికి ఇది ఉపశమనం ఇచ్చి ఉంటుందనడంలో సందేహం లేదు. రోగహేతువును అది తొలగించగలదనడం వేరు విషయం.

పానకం సంగతి ఇంకొక విధమైనది. తెలుగువారికి పానకమనగానే శ్రీరామనవమి నాటి బెల్లపునీరు, మిరియం, శొంఠి, ఏలకి గుర్తుకు వస్తాయి. వైద్యంలోనూ ఆ పేరు తియ్యని ద్రవరూపౌషధానికే చెల్లుతుంది. హైమ శబ్దానికి రెండు వ్యుత్పత్తులు సంభవం. హేమ శబ్దం నుండి వస్తే బంగారానికి చెందినది, హిమ శబ్దం నుండి వస్తే చల్లనిది. దాహజ్వరానికి ఇచ్చే మందుకు రెండవ అర్థం ఎంతగానో పొసగుతుంది. ఆది శబ్దం ప్రథమద్రవ్యం పేరుతో మొత్తం యోగాన్ని సూచించే శాస్త్రసంకేతం. పేరులోనే ఇంటివాసన, శాస్త్రపరిభాష రెండూ కలిసి ఉండడం గమనింపదగినది. రోగికి అది తెలిసిన పానకం, పండితునికి అది ఒక యోగం.

ఇక్కడ కొంత శాస్త్రచర్చ అవసరం. ఇటువంటి ఔషధాల విలువను కట్టేటప్పుడు మనం తరచు పొరబడే చోటు ఇదే. చరకసంహిత సూత్రస్థానం ఇరువదియెనిమిదవ అధ్యాయంలో శరీరాలన్నీ వ్యాధిని సహించడంలో సమానం కావన్న సిద్ధాంతం ఉంది. దానికి చక్రపాణిదత్తుడు రెండు అర్థాలు చెప్పాడు. పుట్టిన వ్యాధి బలాన్ని ఎదిరించడం ఒకటి, వ్యాధి పుట్టకుండ అడ్డుకొనడం మరొకటి. వ్యాధిక్షమత్వమన్న మాటకు ఈ రెండు అర్థాలు చేర్చిన తరువాతనే రసాయన ప్రకరణం సరిగా అర్థమవుతుంది. విమానస్థానం మూడవ అధ్యాయంలో జనపదోద్ధ్వంసాన్ని, అంటే ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టే మహమ్మారిని గూర్చి పునర్వసు ఆత్రేయుడు కాంపిల్యనగరం దగ్గర గంగాతీరంలో అగ్నివేశునికి బోధించాడు. గాలి, నీరు, నేల, కాలం చెడకముందే ఓషధులను సేకరించి పెట్టుకొమ్మన్నది ఆ బోధలో ముఖ్యాంశం. ఉపద్రవం వచ్చినప్పుడు వాటితోను, రసాయనసేవనంతోను దేహాలను కాపాడవలెనన్నది తరువాతి మాట. అంటే మందును ముందుగా సిద్ధం చేయడం శాస్త్రానికి కొత్తకాదు. దానిని అంగడిసరుకు చేయడమే కొత్త.

రసాయనాన్ని సేవించడానికి చరకుడు రెండు మార్గాలు చెప్పాడు. కుటీప్రావేశికం ప్రత్యేకమైన కుటీరంలో ఉండి చేసేది, ధనవంతులకు, తీరిక ఉన్నవారికి సాధ్యం. వాతాతపికం గాలిలో, ఎండలో తిరుగుతూ తన పని తాను చేసుకొనేవాడు సేవించేది. ఇంటిలో చేసుకొనే ఉసిరిక లేహ్యం, తిప్పతీగ కషాయం, బాలింతకు పెట్టే కాయం, శొంఠిపొడి అన్నీ ఈ రెండవ మార్గానికి చెందినవే. ఇంటిమందు శాస్త్రానికి తక్కువదని భావించే మన పండితులు ఈ విభాగాన్ని మరల చూడవలె.

కల్పనలలో కూడ ఇల్లు దృష్టిలో ఉంది. శార్ఙ్గధరుని లెక్క ప్రకారం క్వాథానికి ఒక పలం ద్రవ్యానికి పదహారు పలాల నీరుపోసి ఎనిమిదవ వంతు మిగిలేవరకు కాచవలె. శీతకషాయానికి ఒక పలానికి ఆరు పలాల నీటిలో రాత్రి అంతా నానబెట్టి ప్రొద్దున వడియగట్టవలె. పలమంటే నాలుగు తులాలు, నేటి కొలతలో సుమారు 48 గ్రాములు. పొయ్యి, కుండ, గుడ్డ తప్ప మరే పరికరమూ అక్కరలేదు. పేరుమోసిన చ్యవనప్రాశ కూడ ఐదువందల ఉసిరికాయలతో, ఏబది పలాల పటికబెల్లంతో మొదలయ్యే పెద్ద వంటయే. చల్లారిన తరువాతనే తేనె కలపవలెనన్న నియమం వంట తెలిసినవారికి వెంటనే పట్టుబడుతుంది.

తిప్పతీగ ప్రసక్తి వచ్చినది గనుక ఒక మాట. హైదరాబాదుకు ఉత్తరాన మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతాలలో చెరువుగట్ల మీద, కంచెల మీద, వేపచెట్ల మీద అల్లుకొనే ఈ తీగను, 2020లో కరోనా వచ్చినప్పుడు, జనం విరివిగా కోసుకొని కషాయాలు కాచుకొన్నారు. అదే సంవత్సరం కేంద్ర ఆయుష్ శాఖ తులసి నాలుగు పాళ్లు, దాల్చినచెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒకటి చొప్పున క్వాథచూర్ణాన్ని సూచించింది. మరుసటి ఏడు తిప్పతీగను వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని ముంబయి వైద్యులు ప్రకటించగా, పోలికలో దగ్గరగా ఉండే వేరొక తీగను పొరపాటున వాడి ఉండవచ్చునని ఆయుష్ శాఖ వాదించింది. వివాదం ఎట్లున్నా ద్రవ్యాన్ని గుర్తించడం, మోతాదు, సేవించే కాలం అన్న మూడింటిని తెలిసినవాడు పక్కన లేకపోతే ఇంటిమందు కూడ హాని చేయగలదని దీనివల్ల తెలుస్తున్నది. ఆ తీగ అల్లుకొనే షామీర్‌పేట దగ్గరనే, తుర్కపల్లి వద్దనున్న జీనోమ్ వ్యాలీలో, 2021 జనవరిలో అత్యవసర అనుమతి పొందిన కోవాగ్జిన్ టీకా తయారయింది. గోపాలాచార్యులవారి నాటి పానకం, హాఫ్‌కిన్ టీకా పక్కపక్కనే నిలిచిన దృశ్యం నూటపాతికేండ్ల తరువాత మరల కంటికి కట్టింది.

తిరిగి ఆచార్యులవారి కథకు వస్తే, మద్రాసులో ఆయనకు ఆశ్రయమిచ్చినది శ్రీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానం. చెన్నపురి కొత్వాల్ చావడి ప్రాంతంలో ఆర్యవైశ్యులు నిర్వహించిన ఈ ధర్మసంస్థ పక్షాన ఆయుర్వేద వైద్యశాల, కళాశాల నడిచాయి. ఆచార్యులవారు అక్కడ వైద్యం చేస్తూ శిష్యులకు శాస్త్రం చెప్పారు. గురుకులంలో ఒకరిద్దరికి అందే విద్య తరగతిగదిలో పలువురికి అందింది. వ్యాపారుల ధర్మనిధితో వైద్యవిద్య సాగడం మన చరిత్రలో మరవరాని విషయం. రాజులు పోషించిన శాస్త్రాన్ని ఇక్కడ పట్టణవర్తకులు పోషించారు.

ఔషధ నిర్మాణానికి ఆయన నెలకొల్పినది ఆయుర్వేదాశ్రమం. ఆ కాలంలో దేశమంతటా ఇదే ఊపు కనిపిస్తుంది. కలకత్తాలో, ఢాకాలో ఔషధాలయాలు వెలిశాయి. 1902లో కోటక్కల్‌లో పి. ఎస్. వారియర్ ఆర్యవైద్యశాలను స్థాపించారు. మద్రాసులోనే మరొక తెలుగువాడు కె. ఎన్. కేసరి తన కుటీరం నుండి లోధ్రను ఇంటింటికి చేర్చారు. ఆయుర్వేదాశ్రమం పేరిట వెలువడిన జీవామృతం అనే బలవర్ధక ఔషధం ఆచార్యులవారి పేరుతోనే, ఆయన అనంతరం కూడ, పత్రికా ప్రకటనలలో చిరకాలం కనిపించింది.

ఈ మార్పును నిష్పక్షపాతంగా తూచవలె. ఊరి వైద్యుడు లేనిచోట, మూలికలు దొరకని పట్టణంలో, కాచి వడబోసే తీరిక లేని ఉద్యోగి ఇంటిలో తయారైన మందు లభించింది. ఒకసారి చేసిన యోగం మరొకసారి కూడ అదే పాళ్లలో ఉండవలెనన్న నియమం ఏర్పడింది. ఇవి లాభాలు. శాస్త్రం మాత్రం దేశాన్ని, కాలాన్ని, వయస్సును, ప్రకృతిని, అగ్నిబలాన్ని చూచి మందిమ్మంటుంది. సీసా ఎవరి అగ్నిబలాన్నీ చూడలేదు. పెరటిలోని తీగకు, వంటింటిలోని డబ్బాకు ఉన్న సంబంధాన్ని గృహిణులు మెల్లగా మరిచారు. ఈ నష్టానికి ఒక్క ఆచార్యులవారిని బాధ్యులను చేయడం న్యాయం కాదు. వైద్యాన్ని పాఠశాలలోను, ఔషధాలయంలోను నిలుపకపోతే అది అసలే మిగలని పరిస్థితి ఆనాటిది.

ఆ పరిస్థితి ఎంత తీవ్రమైనదో తరువాతి సంఘటనలు తెలుపుతాయి. 1913లో ప్రభుత్వం గోపాలాచార్యులవారికి వైద్యరత్న బిరుదునిచ్చి గౌరవించింది. మరుసటి సంవత్సరమే, 1914లో, మద్రాసులో వైద్యుల నమోదు చట్టం వచ్చింది. పాశ్చాత్యవైద్యంలో పట్టం పొందినవారికే ఆ పట్టికలో స్థానం. నమోదైన వైద్యుడు పట్టికలో లేని వైద్యునితో కలిసి పనిచేస్తే వృత్తినియమాన్ని అతిక్రమించినవాడయ్యే ప్రమాదం ఉండేది. ఒక చేతితో బిరుదు, మరొక చేతితో బహిష్కారం! ఈ వాతావరణంలోనే ఆచంట లక్ష్మీపతి వంటి పాశ్చాత్యవైద్య పట్టభద్రుడు గోపాలాచార్యులవారి వద్ద కూర్చుని ఆయుర్వేదం చదివాడు. 1880లో పశ్చిమగోదావరి ప్రాంతంలోని మాధవరంలో పుట్టి, రెండు వైద్యాలనూ సమంగా ఎరిగిన ఈ శిష్యుని సంపాదించడం ఆచార్యులవారి జీవితంలోని గొప్ప విజయాలలో ఒకటిగా నేను ఎన్నుతాను. బిరుదు కంటె ఇది పెద్దది.

1918లో మద్రాసు ప్రభుత్వం దేశీయౌషధాలను పరిశోధించే పనిని డాక్టర్ ఎం. సి. కోమన్‌కు అప్పగించింది. కొన్ని ఔషధాలను మెచ్చుకొన్నప్పటికీ ఆయుర్వేద సిద్ధాంతాన్ని ఆయన నివేదిక తేలిక చేయడంతో వైద్యసభలు ఖండనకు పూనుకొన్నాయి. రసాయనౌషధాన్ని ఒక్కొక్క ద్రవ్యంగా విడదీసి ఒక్కొక్క రోగంపై పరీక్షించే పద్ధతికి, పథ్యంతో, ఋతుచర్యతో కలిపి ఇచ్చే పద్ధతికి మధ్య ఉన్న అంతరమే ఈ వివాదానికి మూలం. అయినా పరీక్షను కోరడమే తప్పని వాదించడం సరికాదు. ప్లేగుకు నిశ్చయమైన చికిత్స 1940 దశకంలో స్ట్రెప్టోమైసిన్ వచ్చిన తరువాతనే లభించింది. హైమాది పానకాన్ని ఆ తూకంలో వేయడం కంటె, చక్రపాణిదత్తుడు చెప్పిన వ్యాధిబల విరోధిత్వమన్న తూకంలో వేసి చూడడం యుక్తం. ఆ తూకానికి కూడ లెక్కలు కావలె. రోగి వయస్సు, సేవించిన దినాలు, ఫలితం నమోదుచేసే అలవాటును వైద్యశాలలతో పాటు కళాశాలలే నేర్పగలవు.

వివాదం ముదిరే సమయానికి గోపాలాచార్యులవారు లేరు. 1920లో వారు దివంగతులైనారు. ఆ మరుసటి సంవత్సరం ప్రభుత్వం మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన దేశీయవైద్య విచారణ సంఘాన్ని నియమించింది. దానికి కార్యదర్శి కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తి. 1923లో వెలువడిన ఆ సంఘం నివేదిక ఆయుర్వేద, సిద్ధ, యునానీ వైద్యాలకు అనుకూలంగా నిలిచింది. దాని ఫలితంగా 1925లో మద్రాసులో ప్రభుత్వ భారతీయవైద్య పాఠశాల నెలకొన్నది.

ఆయుర్వేద కళాశాల నిర్వహణ 1920 నుండి లక్ష్మీపతి చేతికి వచ్చింది. ఆయన ధన్వంతరి పత్రికను నడిపారు, ఆంధ్ర ఆయుర్వేద ఫార్మసీని స్థాపించారు, ఆవడిలో ఆరోగ్యాశ్రమాన్ని నెలకొల్పి అభ్యంగనం, వ్యాయామం, మితాహారం గురించి జీవితాంతం బోధించారు. గురువు సీసాలోకి ఎక్కించిన దానిని శిష్యుడు మరల దినచర్యలోకి దించే ప్రయత్నం చేశాడనవచ్చు. లక్ష్మీపతి 1962లో మరణించారు.

ఆ కళాశాలలో కొంతకాలం శరీరశాస్త్రం బోధించిన యువకుడు భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులను సంగ్రహణి కబళించింది. తానూ అదే వ్యాధికి గురై లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేదౌషధంతో కోలుకొన్నారు. ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహానికి గురై పూర్తి వైద్యపట్టం పొందలేకపోయిన ఆయనకు చోటిచ్చినది ఈ కళాశాలయే. అక్కడినుండి అమెరికా వెళ్లి హార్వర్డులో చేరారు. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన రూపొందిన ఫోలిక్ ఆమ్లం ఆ సంగ్రహణికే ఔషధమయింది.